సొంత కొట్టుకు తాళం వేస్తే తప్పేంటి?

అద్దె బాకీ పడిందనో, అగ్రిమెంటు గడువు దాటిందనో, ఎక్కువ అద్దె ఇచ్చే మనిషి దొరికాడనో కొట్టు యజమాని ఒక రాత్రి వెళ్లి షట్టరుకు తన తాళం వేసి వస్తాడు. తెల్లారి వ్యాపారి వచ్చేసరికి సరుకు లోపల, మనిషి బయట. నలుగురూ పోగై అడిగితే యజమాని అనే మాట ఒకటే: "నా కొట్టుకు నేను తాళం వేసుకుంటే తప్పేంటి?" ఈ ప్రశ్నకు చట్టం ఎప్పుడో జవాబు చెప్పింది. కానీ ఆయన అడుగుతున్నది చట్టం గురించి కాదు. కూడబెట్టి కట్టుకున్న గోడల మీద తనకు లేని అధికారం ఇంకెవరికి ఉంటుందని అడుగుతున్నాడు. అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. సెక్షన్ నంబరు చూపించి నోరు మూయిస్తే కోర్టుకు జడిసి తాళం తీస్తాడేమో గానీ, చేసింది తప్పని మనసులో ఒప్పుకోడు. అందుకే ఆ ప్రశ్నకు ధర్మం వైపు నుంచే జవాబు వెతకాలి. నా వాదన ఇది: సొత్తు యజమానిదే, బాకీ నిజమే, గడువు దాటిన మాటా నిజమే అనుకున్నా ఆ తాళం అధర్మమే. సొత్తు మీద హక్కు చెప్పుకోవడం ఒక పని, ఆ హక్కు మీద తీర్పు చెప్పడం మరో పని. తాళం వేసిన మనిషి ఆ రెండు పనులూ తానే చేసేస్తున్నాడు.

ముందు ఆ తాళం దేని మీద పడుతుందో దగ్గర్నుంచి చూద్దాం. పల్నాడులో అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి మీద ఉన్న ఊరు దాచేపల్లి. చుట్టూ పత్తి, మిరప చేలు, నేల కింద సున్నపురాయి, ఆ రాయిని నమ్ముకున్న సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కనే నడికుడి రైల్వే జంక్షన్. మొన్నటిదాకా పంచాయతీగా ఉండి నగర పంచాయతీగా మారింది. 2021 నవంబరులో ఎన్నికలు జరిగాయి. ఊరు పట్నం వైపు నడిచేకొద్దీ రోడ్డు పక్క గజం స్థలానికి విలువ పెరుగుతుంది, దాంతోపాటే కొట్టు అద్దె మీద తగాదా పెరుగుతుంది. ఇలాంటి ఊళ్లో ఒక ఎరువులు, పురుగుమందుల కొట్టును ఊహించుకోండి. లోపల యూరియా బస్తాలు, మందు డబ్బాలు కనబడతాయి. కనబడనివి ఇంకా ఉన్నాయి. పురుగుమందులు అమ్మే లైసెన్సు ఆ చిరునామాకు ఇచ్చింది; వేరే చోట టేబులు వేసుకుని అమ్మితే నేరమవుతుంది. సబ్సిడీ ఎరువు అమ్మాలంటే రైతు వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషను కావాలి, అదీ లోపలే ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఆ గది పేరు మీదే ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఖాతా పుస్తకం. ఏ రైతు ఎంత అరువు తెచ్చుకున్నాడో, మిరపకాయలు కోసి టిక్కీలు గుంటూరు యార్డుకు తోలాక ఎంత కట్టాలో అందులోనే ఉంది. 2021–22 సీజనులో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను ఎలా పాడుచేసిందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. చేలో పురుగు కనబడ్డ రైతు కొట్టు తగాదా తెగేదాకా ఆగలేడు. తాళం పడింది ఒక్క వ్యాపారి మీదే కాదు, అతని మాటను నమ్ముకున్న ఇంకా ఎందరి మీదో పడింది.

కౌలు సంగతి తెలిసిన పల్లెకు ఇది కొత్త నీతి కాదు. చేలో పైరు నిలిచి ఉండగా కౌలుదారును వెళ్లగొట్టి పొలం దున్నించే ఆసామిని ఊరు హర్షించదు. ఆస్తి బదిలీ చట్టం, 1882 కూడా దీన్ని గుర్తించింది: ఎంతకాలమో తేల్చని కౌలు, కౌలుదారు తప్పు లేకుండా ముగిసిపోతే, అతను వేసిన పైరు అతనిదే, దాన్ని కోసి తీసుకెళ్లడానికి అతను రావచ్చు, పోవచ్చు. నేల ఒకరిది, నేల మీద నిలిచిన కష్టం మరొకరిది అన్న తెలివి ఆ నియమంలో ఉంది. కొట్టులో కూడా పైరు ఉంది. రైతుల దగ్గర ఉన్న అరువు, కంపెనీ దగ్గర తెచ్చిన సరుకు, ఫలానా చోట ఫలానా మనిషి ఉంటాడన్న వాడుక, ఇవే వ్యాపారి విత్తిన విత్తనాలు. చేలో పైరు కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. కొట్టులో పైరు కాగితాల మీదా నలుగురి నమ్మకంలోనూ ఉంటుంది కాబట్టి గోడలు మాత్రమే లెక్కకొస్తాయి. గోడలు తనవైనందుకు లోపలున్నదంతా తన గుప్పిట్లో ఉండొచ్చనుకోవడం దగ్గరే యజమాని తర్కం తప్పుతోంది.

ఇక్కడ ఆయన ఒక మాట అనవచ్చు: "సరుకు అతనిదే, తీసుకెళ్లమనండి, గది మాత్రం నాది." కానీ అద్దె తీసుకోవడం అంటే ఏమిటి? గదిని అమ్మలేదు, నిజమే. ఫలానా కాలం పాటు ఆ గదిని అనుభవించే హక్కును మాత్రం డబ్బు తీసుకుని అప్పగించాడు. అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం ఏ ఆటంకం లేకుండా అనుభవించనిస్తానన్న హామీ, అగ్రిమెంటులో రాయకపోయినా, 1882 చట్టం ప్రకారం అద్దె ఒప్పందంలో ఉన్నట్టే లెక్క. సొంతం అనేది ఎంత పెద్ద హక్కయినా, దాని నుంచి ఒక భాగాన్ని ఇచ్చేశాక ఆ భాగం మన చేతిలో ఉండదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దొంగతనం అంటే ఏమిటో వివరించే చోట ఒక ఉదాహరణ ఉంది. తన గడియారాన్ని తాకట్టు పెట్టిన మనిషి, అప్పు తీర్చకుండా, పట్టుకున్నవాడి అనుమతి లేకుండా దాన్ని తెచ్చేసుకుంటే అది దొంగతనమే, గడియారం తనదే అయినా సరే. అక్రమ ప్రవేశం నేరాన్ని నిర్వచించేటప్పుడు కూడా చట్టం ఆస్తి ఎవరిదని అడగదు, ఎవరి స్వాధీనంలో ఉందని అడుగుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ నిర్వచనం అలాగే ఉంది. తన సొత్తు విషయంలోనే మనిషి దోషి కాగలడన్నది వింతగా అనిపించవచ్చు. ఇచ్చిన మాట కూడా ఒక సొత్తేనని, అది ఎదుటివాడి సొత్తని గుర్తిస్తే వింత ఏమీ ఉండదు.

మన పాత గ్రంథాల్లో ఈ విషయం మీద సూటిగా మాట్లాడింది కౌటిల్యుడి అర్థశాస్త్రం. మూడో అధికరణంలో ఇళ్లు, స్థలాల తగాదాలు చర్చించే చోట అద్దె ప్రస్తావన వస్తుంది. ఖాళీ చేయమని చెప్పినా కదలకుండా కూర్చున్న అద్దెదారుకు, అద్దె కట్టిన వాణ్ణి బయటకు నెట్టిన యజమానికి ఒకే జరిమానా, 12 పణాలు. దుర్భాషలాడటం, దొంగతనం, దౌర్జన్యం, లేని హక్కు చెప్పుకుని అనుభవించడం వంటి తప్పులు అద్దెదారు చేసినప్పుడు మాత్రం యజమానికి మినహాయింపు. గడువు మధ్యలో తనంతట తాను వెళ్లిపోయే అద్దెదారు ఆ ఏడాదికి మిగిలిన అద్దె కట్టాలి. ఇక్కడ నన్ను ఆకట్టుకునేది జరిమానా మొత్తం కాదు, రెండు వైపులా దాన్ని సమానంగా పెట్టడం. యజమాని హక్కు పెద్దది, అద్దెదారు హక్కు చిన్నది అన్న లెక్క ఆ నియమంలో లేదు. ఇద్దరూ ఒక ఒప్పందానికి కట్టుబడ్డవాళ్లు, తప్పిన వాడెవడైనా రాజు ముందు జవాబు చెప్పాలి. మినహాయింపులు చదివినా తెలిసేది ఇదే: అద్దెదారు తప్పు చేశాడా లేదా అన్నది విచారించి తేల్చాల్సిన సంగతి. తేల్చేది ధర్మస్థులనే న్యాయాధికారులు.

నా వాదనకు గుండెకాయ ఇదే. బాకీ ఉందా, ఎంత ఉంది, అడ్వాన్సులోంచి మినహాయించుకోవాలా, మరమ్మతుకు పెట్టిన ఖర్చు ఎవరిది, గడువు దాటాక కూడా అద్దె తీసుకుంటూ వచ్చాడు కాబట్టి ఒప్పందం కొనసాగినట్టేనా? ప్రతి అద్దె తగాదాలో ఇలాంటి చిక్కుముళ్లు ఉంటాయి. ప్రతి పక్షానికీ తన లెక్కే సరైనదిగా కనబడుతుంది. దీనికి మనుషులు చెడ్డవాళ్లే కానక్కరలేదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతే చెప్పాడు: మనుషులంతా మంచివాళ్లే అనుకున్నా, అందరికీ ఉమ్మడి న్యాయస్థానం లేని చోట ఎవరికి న్యాయంగా తోచింది వాళ్లు చేస్తారు, కాబట్టి ఎవరి హక్కుకూ భద్రత ఉండదు. భారతంలో గడువు తగాదా ఎలా ముదిరిందో చూడండి. అజ్ఞాతవాసం పూర్తి కాకముందే అర్జునుడు బయటపడ్డాడని దుర్యోధనుడు అన్నాడు. అధిక మాసాలు కలిపి లెక్కగట్టిన భీష్ముడు 13 ఏళ్లూ నిండాయని తేల్చాడు. గడువును లెక్కగట్టగల పెద్దమనిషి సభలోనే ఉన్నా, తగాదాలో ఒక పక్షమైన దుర్యోధనుడు తన లెక్కనే తీర్పుగా ఖాయం చేసుకున్నాడు. పల్నాటి కథలోనూ ఇదే ముడి. కోడిపందెంలో ఓడి ఏడేళ్లు వలస వెళ్లిన మాచర్ల వారు గడువు తీరాక తమ చోటు తమకిమ్మని అలరాజును రాయబారం పంపితే గురజాల వారు ఇవ్వలేదు, అలరాజు తిరిగి రాలేదు. ఇరుపక్షాల మాటా విని తీర్పు చెప్పి అమలు చేయించే మూడో అధికారం లేక ఆ లెక్క కారెంపూడి యుద్ధభూమిలో తేలింది. ఈ కథల్లో అద్దెలు లేవు, కొట్లు లేవు. తన గడువును తానే కొలుచుకుని, తన కొలతను తానే అమలు చేసుకునే మనిషి ఎంత దూరం వెళ్తాడో మాత్రం ఉంది. ఖాళీ చేయాల్సిన రోజు వచ్చినా కదలని అద్దెదారుకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. అతనూ తన వ్యాజ్యంలో తానే న్యాయమూర్తి అవుతున్నాడు.

పాశ్చాత్య దేశాల్లో ఈ నియమం పెరిగిన దారిలో మతం పాత్ర ఉంది. తొమ్మిదో శతాబ్దంలో యూరపులో బిషప్పులను రాజులు, ప్రత్యర్థులు పీఠాల నుంచి తరిమేసి, ఆ తర్వాత నేరారోపణలు మోపేవారు. ఆ కాలపు చర్చి శాసనాల సంకలనం ఒకటి ఒక సూత్రాన్ని ముందుకు తెచ్చింది: లాక్కున్నదాన్ని మొదట తిరిగి ఇవ్వాలి, విచారణ ఆ తర్వాతే. అందులోని చాలా పత్రాలు కల్పితాలని తర్వాతి పండితులు తేల్చారు. అయినా సూత్రంలోని న్యాయం నిలిచింది, చర్చి న్యాయంలో స్థిరపడింది. ఇంగ్లండులో 1381 నాటి శాసనం హక్కున్న వాడు కూడా బలప్రయోగంతో ప్రవేశించకూడదంది. మన దేశంలో 1877 నాటి, ఆ తర్వాత 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఈ ఆలోచననే సామాన్యుడి చేతికిచ్చింది. ఇప్పటి చట్టం 6వ సెక్షన్ ప్రకారం, తన అంగీకారం లేకుండా, న్యాయప్రక్రియ లేకుండా స్థిరాస్తి నుంచి వెళ్లగొట్టబడ్డ మనిషి ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఎదుటివాడికి ఎంత హక్కున్నా సరే, స్వాధీనం తిరిగి వస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. యజమాని తన హక్కును రుజువు చేసుకోవడానికి వేరే దావా వేసుకోవచ్చు. 1967లో లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో, గడువు తీరిన అద్దెదారును కూడా భూస్వామి బలవంతంగా వెళ్లగొట్టరాదని సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో, అక్కడ ఉండే హక్కు అతనికి లేదనుకున్నా సరే, స్థిరమైన స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప కదిలించరాదని మళ్లీ చెప్పింది. ఏ అద్దె నియంత్రణ చట్టం వర్తించినా, ఏదీ వర్తించకపోయినా ఈ నియమం ఉంటుంది. అద్దె చట్టాల కంటే ఇది పాతది, లోతైనది.

దాచేపల్లి చుట్టుపక్కల గుళ్లు, మసీదులు, చర్చిలు ఒకే రోడ్డు మీద కనిపిస్తాయి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ ఆ తర్వాత గురజాలలోనూ పనిచేశాడు. ఆయన తెచ్చిన బైబిలు ఇప్పుడు ఇక్కడి వేల ఇళ్లలో ఉంది. అందులో ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం అప్పిచ్చిన వాడికి రెండు కట్టుబాట్లు పెట్టింది. తాకట్టు తెచ్చుకోవడానికి బాకీదారు ఇంట్లోకి వెళ్లకూడదు, గుమ్మం బయట నిలబడాలి, అతనే తెచ్చి ఇస్తాడు. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు, ఎందుకంటే అది ప్రాణాన్నే తాకట్టు పట్టడం. బాకీ నిజమైనదే, అయినా బతుకుతెరువును గుప్పిట్లో పెట్టుకుని వసూలు చేయడం నిషిద్ధం. కొట్టు వ్యాపారికి షట్టరే తిరగలి. ఖురాను రెండో అధ్యాయం, బాకీపడ్డ మనిషి ఇబ్బందుల్లో ఉంటే కుదుటపడేదాకా గడువివ్వమంటుంది. నాలుగో అధ్యాయం, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం ద్వారా తప్ప ఒకరి సొమ్ము ఒకరు తినకూడదంటుంది. ఈశావాస్యోపనిషత్తు ఈ జగత్తంతా ఈశ్వరుడితో నిండినదని, విడిచిపెట్టి అనుభవించమని, ఇతరుల ధనాన్ని ఆశించవద్దని మొదటి మంత్రంలోనే చెబుతుంది. లేవీయకాండం 25వ అధ్యాయంలో దేవుడు భూమి నాది, మీరు నా దగ్గర పరదేశులు అంటాడు. ఈ మాటలు నమ్మిన యజమాని తనను తాను కూడా ఒక పెద్ద యజమాని కింద అద్దెదారుగానే చూసుకోవాలి. కొందరు ఇదే వైరాగ్యాన్ని అద్దెదారుకు బోధిస్తారు: "ఏదీ శాశ్వతం కాదు, వదిలేసి పో." కానీ త్యాగం ఎవరికి వారు చేసుకోవాల్సిన సాధన. ఒకరి త్యాగాన్ని మరొకరు తాళం వేసి చేయిస్తే అందులో పుణ్యం ఇద్దరికీ ఉండదు.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది మన ధర్మశాస్త్రాల లోపలి నుంచే వస్తుంది. బాకీ రాబట్టుకోవడానికి మనువు ఐదు ఉపాయాలు చెప్పాడు: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. అంటే నచ్చజెప్పడం, న్యాయస్థానం, యుక్తి, ఆనవాయితీగా వస్తున్న ఒత్తిడి, చివరికి బలవంతం కూడా. బలవంతం శాస్త్రసమ్మతమే కదా, తాళం మాత్రం ఎందుకు కాదు అని ఎవరైనా అడిగితే, అలాంటి మాట లేదని దాటేయకూడదు. ఉంది. అయితే ఆ శ్లోకం అప్పిచ్చిన డబ్బు గురించి. ఎదుటివాడు డబ్బు ఇస్తే ఆ ఒత్తిడి అక్కడితో ఆగుతుంది. ఒకరి స్వాధీనాన్ని, వృత్తిని, మూడో వ్యక్తుల లావాదేవీలను ఒక్కసారిగా ఆపేయడం గురించి కాదు. పైగా ఆ శ్లోకం ఉన్న ఎనిమిదో అధ్యాయంలోనే, బలవంతంగా ఇప్పించుకున్నది, బలవంతంగా అనుభవించినది, బలవంతంగా రాయించుకున్నది ఏదీ జరిగినట్టు లెక్క కాదని మనువే చెప్పాడు. బలంతోనో మోసంతోనో జరిపిన వ్యవహారాలను రాజు రద్దు చేయాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. ఆ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరిని 13వ శతాబ్దంలో తిక్కన కాలపు కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. న్యాయం పండితుల గదుల్లోంచి ఊరి వ్యవహారంలోకి రావాలన్న తపన ఆనాటికే తెలుగు నేల మీద ఉంది. ఒకే గ్రంథంలో బలాన్ని ఒప్పుకునే మాట, బలాన్ని చెల్లదనే మాట రెండూ ఉన్నప్పుడు ఏది పట్టుకోవాలి? రాజస్థానం దూరంగా ఉన్న రోజుల్లో ఒక కీడును కొంత సహించిన నియమం మొదటిది. అన్ని వ్యవహారాలకూ పునాదిగా చెప్పిన సూత్రం రెండోది. గురజాలలో కోర్టు ఉన్న ఈ కాలానికి సహనం వర్తించదు, సూత్రమే వర్తిస్తుంది.

రెండో అభ్యంతరం మరింత మానవీయమైనది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కొట్టు యజమానులందరూ ధనవంతులు కారు. భర్త పోయాక ఒక్క గది అద్దె మీద ఇల్లు గడిపే ఆడమనిషి ఉంది, రిటైరైన డబ్బంతా రెండు షట్టర్లలో పెట్టిన ఉద్యోగి ఉన్నాడు. అద్దెదారు ఏడాదిగా పైసా ఇవ్వకుండా కూర్చుంటే, కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుందని అందరూ చెబుతుంటే, వాళ్లు తాళం వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. ఈ బాధ నిజం. కానీ ఇది దేన్ని రుజువు చేస్తుంది? న్యాయస్థానం త్వరగా పనిచేయాలని రుజువు చేస్తుంది. బాధపడ్డ వాడే తీర్పరి కావాలని చేయదు. పైగా రెండు నష్టాల స్వభావం ఒకటి కాదు. ఆలస్యంతో యజమాని పోగొట్టుకునేది డబ్బు, దాన్ని లెక్కగట్టి ఇప్పించవచ్చు. ఖాళీ చేయమన్న తీర్పు మీద అప్పీలుకు వెళ్లి స్టే తెచ్చుకునే అద్దెదారు, పాత అద్దె కాకుండా సహేతుకమైన మార్కెట్ అద్దె కట్టాలని కోర్టు షరతు పెట్టవచ్చని 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందుగా తీసుకునే అడ్వాన్సు ఉన్నదే ఇలాంటి నష్టం కోసం. అటువైపు, జులైలో తాళం పడి నవంబరులో తెరుచుకున్న ఎరువుల కొట్టుకు పోయిన సీజనును ఏ కోర్టూ తెచ్చివ్వలేదు. వేరే కొట్టుకు అలవాటుపడ్డ రైతు తిరిగి రాడు, గడువు తప్పిన కంపెనీ బాకీ పరువును తీస్తుంది. ఎవరిది న్యాయమో ఇంకా తేలని దశలో, దిద్దుకోలేని నష్టం కంటే దిద్దుకోగల నష్టాన్ని భరించడమే వివేకం. ఆ భారం యజమాని మీద పడుతోందని ఒప్పుకుంటాను. అందుకే ఆ భారాన్ని పెంచే అద్దెదారు, అంటే కోర్టు ఆలస్యాన్ని ఆదాయంగా మార్చుకునే మనిషి, తాళం వేసిన వాడికంటే ఏ మాత్రం తక్కువ దోషి కాడు.

మూడో అభ్యంతరం అగ్రిమెంటు. అద్దె తప్పితే తాళం వేసుకోవచ్చని అద్దెదారు సంతకం పెట్టాడు కదా, ఇంకేం మాట్లాడతాడు అంటారు. మాటకు కట్టుబడటం ధర్మమే, నా వాదన నిలబడింది కూడా ఇచ్చిన మాట మీదే. కానీ మనిషి తన సొత్తు గురించి మాట ఇవ్వగలడు, తన మాట వినిపించుకునే అవకాశాన్నే ముందుగా రాసివ్వలేడు. అద్దె తప్పిందా లేదా అన్నదే తగాదా అయినప్పుడు, "తప్పింది" అని యజమాని అనుకున్న క్షణాన తాళం పడుతుందన్న షరతు అద్దెదారు నోరు నొక్కే షరతు. తన హక్కు కోసం న్యాయస్థానానికి వెళ్లకుండా పూర్తిగా అడ్డుకునే ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పడానికి కారణం ఇదే. తిరిగి ప్రవేశించే హక్కు అగ్రిమెంటులో ఉన్నా, అది ఒప్పందాన్ని ముగించే హక్కు వరకే. మనిషిని కదిలించడానికి ఆ కాగితం చాలదు, కోర్టు డిక్రీ కావాలి. అత్యుత్తమమైన హక్కుపత్రం ఉన్న యజమాని కూడా, లీజు ముగిసిందనో రద్దయిందనో చెప్పి కోర్టు బయట బలంతో స్వాధీనం తీసుకోలేడని 1989లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, మహారాజా ధర్మేందర్ ప్రసాద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ లీజు ఇచ్చిన యజమాని సాక్షాత్తు ప్రభుత్వమే.

ఆ మాట మన ఊళ్లకు దగ్గరిది. కొట్లు అద్దెకిచ్చేది వ్యక్తులే కాదు. దేవాలయాలు, వక్ఫ్ సంస్థలు, నగర పంచాయతీలు కూడా ఇస్తాయి. దేవుడి ఆస్తి కాబట్టి, ప్రజల ఆస్తి కాబట్టి తాళం వేయడంలో తప్పులేదన్న భావన అధికారుల్లోనూ భక్తుల్లోనూ కనబడుతుంది. 1961లో సుప్రీంకోర్టు తేల్చిన బిషన్ దాస్ కేసు దీనికి జవాబు. పంజాబులోని బర్నాలాలో ఒక కుటుంబం ప్రభుత్వ స్థలంలో, అనుమతితోనే, ధర్మశాల, గుడి, కొట్లు కట్టించి నడుపుతోంది. స్థలం తమదేనంటూ ప్రభుత్వ యంత్రాంగం కోర్టుకు పోకుండా కేవలం ఆదేశంతో వాళ్లను వెళ్లగొట్టింది. స్థలం ప్రభుత్వానిదే అయినా ఆ చర్య చట్టబద్ధ పాలనకే ముప్పని కోర్టు తీవ్రంగా మందలించింది. మన రాష్ట్రంలో ప్రభుత్వ భవనాల నుంచి ఖాళీ చేయించడానికి 1968 నాటి చట్టం ఉంది. నోటీసు ఇచ్చి, జవాబు విని, ఉత్తర్వు రాశాకే కదిలించాలి. దేవుడి పేరు మీదున్న కొట్టుకు ఇది మరింత వర్తిస్తుంది. ధర్మకర్త అని పిలిపించుకునే మనిషి అధర్మమైన దారిలో దేవుడి ఆదాయం కాపాడితే, కాపాడింది ఆదాయాన్నే గానీ దేవుడి పేరును కాదు.

దీని నుంచి ఆచరణలో ఏం తేలుతుంది? యజమాని చేయాల్సింది ఏడాది దాటే లీజును రిజిస్టరు చేయించుకోవడం, ప్రతి నెలా అద్దె రసీదు ఇవ్వడం, గడువు తీరాక కొనసాగించదలచుకోకపోతే ఊరుకోకుండా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం, అప్పటికీ కదలకపోతే దావా వేయడం లేదా లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవడం. కరెంటు పీకడం, మీటరు తీయించడం, షట్టరు ముందు ఇటుకలు పోయించడం కూడా తాళంలో భాగమేనని ఆయన గుర్తించాలి. అద్దెదారు చేయాల్సింది తగాదా ఉన్నా ఒప్పుకున్న అద్దెను ఆపకుండా చెల్లించడం, యజమాని తీసుకోనంటే మనియార్డరు చేసో బ్యాంకులో వేసో రుజువు ఉంచుకోవడం, వెళ్తానన్న రోజున వెళ్లడం. తాళం పడితే దాన్ని పగలగొట్టకూడదు, అది కూడా సొంత తీర్పే అవుతుంది. ఫొటోలు తీసి, పోలీసులకు రాసిచ్చి, ఆరు నెలలు దాటకముందే కోర్టుకు వెళ్లాలి. పోలీసులు ఇది సివిల్ తగాదా అని చేతులు దులుపుకోకూడదు. అద్దె ఎంత అన్నది సివిల్ తగాదానే గానీ, ఒకరి స్వాధీనంలో ఉన్న చోటికి బెదిరింపుతో వెళ్లడం నేరం కావచ్చు, ఫిర్యాదును తీసుకుని చూడాల్సిన బాధ్యత వాళ్లది.

అందరికంటే ఎక్కువ బరువు పెద్దమనుషుల మీద ఉంది. పల్నాడులో ఇప్పటికీ చాలా తగాదాలు కోర్టు మెట్లెక్కేముందు నలుగురి మధ్య కూర్చుని తెగుతాయి. అలా కూర్చున్నప్పుడు షట్టరుకు తాళం ఉంచి, "ముందు బాకీ సంగతి తేల్చుకో, తర్వాత తాళం తీస్తారు" అంటే ఆ పంచాయితీ మొదలయ్యేసరికే ఒక పక్షం వైపు ఒరిగిపోయింది. లోపల సరుకు, ఖాతా పుస్తకం, సీజను చిక్కుకున్న మనిషి ఏ లెక్కకైనా తలూపుతాడు. ఆ ఒప్పుకోలు మనువు చెల్లదన్న ఒప్పుకోలే. అందుకే పెద్దమనుషులు చెప్పాల్సిన మొదటి మాట తాళం తీయమని. అద్దె గురించి, గడువు గురించి, ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలన్న దాని గురించి ఆ తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. యజమాని చెప్పేది నిజమే కావచ్చు. ఆ నిజాన్ని ఇద్దరూ సమానంగా నిలబడ్డ చోట చెప్పి నెగ్గితే, కొట్టు తిరిగి ఆయన చేతికి న్యాయంగా వస్తుంది.